ఉప్పప్ప రెండో పార్టు

3 ఫిబ్రవరి 1979, మదనపల్లె

నేను పాఠాలు చెప్పే ట్యుటోరియల్ మూసేసినారు. బోర్డు మాత్రం ఇంకా ఉండాది. "ఇంగ్లీషు గ్యారంటీ" అని నేనే రాయించింది. దాని కింద ఈ పొద్దు ఒక మేక పడుకోని నెమరేస్తా ఉండింది. మా స్టూడెంట్లలో అంత శ్రద్ధగా ఏదీ నమిలినోళ్ళు లేరు.

చెంగమ్మ కుప్పంలో పుట్టింటికి పోయి మూడు వారాలు దాటింది. పెద్ద విషయమేమీ కాదు, ఏదో చిన్న మాట. పెండ్లయి ఆరేండ్లు, ఆ మాత్రం ఉంటాది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాది, చదువుకునేదానికి బాగుండాది. అన్నం మాడింది. మాడితే రుచి వేరు.

4 ఫిబ్రవరి

హాయిగా ఉండాను.

9 ఫిబ్రవరి

టెంటు సినిమా కుప్పుస్వామి వెతుక్కుంటా వచ్చినాడు. పుంగనూరులో డేరా ఏసుకోని సినిమాలు ఆడిస్తాడు. మనిషి సన్నం, మీసం లావు.

"సార్, బెంగళూరులో ఒక ఇంగ్లీషు సినిమా దొరికింది. బ్లాక్ అండ్ వైట్. పోస్టరు మీద ఇంత చెయ్యి ఉండాది. ఆ చెయ్యి సూసి తీసుకొనేసినా."

"ఎవరి చెయ్యి?"

"అది తెలిస్తే మీ దగ్గరికి యాల వస్తా సార్?"

విషయమేమంటే, డబ్బా తెరిస్తే అది రెండో పార్టంట. మొదటి పార్టు యాడుందో, అసలు మన దేశానికి వచ్చిందో లేదో కూడా ఎవురికీ తెలీదు. నేను మైకు పట్టుకోని జనానికి తెలుగులో కథ చెప్పల్ల. అదీ ఆయన కోరిక.

"నేను బీఏ లిటరేచర్ చదివినోణ్ణి కుప్పుస్వామీ. రాక్షసుల సినిమాకు మైకు పట్టేదానికి కాదు" అన్నాను. ఆయన దండం పెట్టి పోయినాడు. వీధి మలుపు తిరిగే దాకా ఆగి, పరిగెత్తుకోని పోయి ఒప్పుకున్నాను.

11 ఫిబ్రవరి, పుంగనూరు

మధ్యాన్నం నా ఒక్కనికే సినిమా ఏసి చూపించినారు. డేరా బొక్కలకు గోనెసంచులు కట్టినారు. ఆపరేటరు కదిరప్ప మిషన్ తిప్పుతా, "సార్ రాసుకుంటాండాడు, గమ్మునుండండి" అని కుక్కల్ని అదిలించినాడు.

నాకు అర్థమైన మాటలు: నో. రెయిన్. ప్లీజ్. తక్కినదంతా నోట్లో వేడి గెణుసుగడ్డ పెట్టుకోని మాట్లాడినట్టుండాది. ఆ పాత కాలం ఇంగ్లీషు వేరే ఇంగ్లీషు. నా తప్పేమీ లేదు.

కథ కండ్లతో చూస్తే ఇది. ఒక ఉప్పు గని. ఉప్పునీళ్ళతో నిండిపోయి ఉంటాది. దాంట్లో నుంచి ఒకడు లేస్తాడు. ఒళ్ళంతా ఉప్పు పెళ్ళలు, తాటిచెట్టంత పొడుగు. ముందు పార్టులో ఊరోళ్ళు వీన్ని గనిలో ముంచి చంపినట్టుంది. వాడు చావలా. ఒళ్ళు ఉప్పు గాబట్టి వాన పడితే కరిగిపోతాడు, వానలో పొగలు గూడా వస్తాయి. అయినా వానలోనే నడుచుకుంటా ఒక పెద్ద ఇంటికి పోతాడు. ఆ ఇంట్లో ఒక దొరసాని ఒంటరిగా ఉండాది. ఆమెకు వీడు ముందే తెలుసు, ఎట్ల తెలుసో ఆ దేవునికే తెలుసు. ఆమె తలుపు తీసి వీనికి ఒక గొడుగిస్తాది. ఈలోగా మీసాలాయన ఒకడు తుపాకులోళ్ళను ఏసుకొని వస్తాడు. ఆఖరి రీల్లో దొరసాని మూసిన తలుపుకు వీపు ఆనించుకోని చానాసేపు మాట్లాడుతాది. ఏం మాట్లాడిందో ఒక్క ముక్క తెలీలా. తుపాకి గుండ్లకు చినిగిన గొడుగు పట్టుకోని బయట వాన్లో నిలబడి అంతా విని వాడు వెనక్కి తిరిగి కొండల్లోకి ఎలబారిపోతాడు. శుభం.

కుప్పుస్వామి వచ్చి, "అర్థమైందా సార్?" అన్నాడు.

"అక్షరం పొల్లు పోకుండా" అన్నాను.

13 ఫిబ్రవరి

మొదటి ఆట. ప్రొజెక్టరు వెలుగు కోసం కార్బన్ కడ్డీ ముట్టించేలోపల మొదటి పార్టు నేనే చెప్పేసినాను. ఇంగ్లాండులో ఒక డాక్టరుండాడని, ఉప్పు మూటకు ప్రాణం పోసినాడని. జనం నోళ్ళు తెరుచుకోని విన్నారు. నేల క్లాసులో ఒక ముసలాయన, "వాని పేరేమి?" అని అరిచినాడు. నాకు తట్టలా. ఇంకోడు, "ఉప్పప్ప!" అన్నాడు. డేరా అంతా ఉప్పప్ప, ఉప్పప్ప అని ఒకటే గోల. వాడు గని నీళ్ళల్లోంచి తల పైకెత్తంగానే ఈలలు. గొడుగు పట్టుకున్నప్పుడు చప్పట్లు ఆగలా. కదిరప్ప రీలు వెనక్కి చుట్టి ఆ ముక్క మళ్ళా ఏసినాడు.

ఉప్పప్ప నోరు తెరవడు. సినిమా మొత్తం మీద ఒక్క మాట లేదు వానికి. అంత పెద్ద మనిషి ఊరికే నిలబడుకుంటే ఎట్లా? వాని మాటలు కూడా నేనే చెప్పినాను. బ్రహ్మాండంగా వచ్చినాయి.

14 ఫిబ్రవరి

డేరా నిండింది. చెంగమ్మ ఉండింటే గర్వపడేది. ఊరికే రాస్తాండా.

20 ఫిబ్రవరి

చూసినోళ్ళే మళ్ళా వస్తాండారు. చౌడేపల్లి నుంచి బండ్లు కట్టుకోని వస్తాండారు. ఈ చీకిపోయిన తెల్లానల్లా బొమ్మలో ఏముండాదని ఆలోచించినాను. చచ్చినోడు మళ్ళా లేచి వచ్చినాడంటే వానికి ఏదో పని మిగిలిందని అర్థం. ఆ పని ఏందో చూస్తే గాని జనానికి నిద్ర పట్టదు. మొదటి పార్టు ఎవడైనా తీస్తాడు. రెండో పార్టుకు రావాలంటే దమ్ముండాల.

కథ రోజూ కొంచెం మెరుగు పెడతాండా. దొరసాని ఇప్పుడు ఉప్పప్ప పెండ్లాం. ఏదో చిన్న మాటకు అలిగి పుట్టింటికి పోయింది. ఆ పెద్ద ఇల్లు ఆమె పుట్టిల్లు. మీసాలాయన ఆమె అన్న, రాళ్ళ కాంట్రాక్టరు, వట్టి మూర్ఖుడు. ఆఖరి రీల్లో దొరసాని, "స్వామీ, తప్పు నాదే, నా బుద్ధి గడ్డి తినింది" అని ఏడుస్తాది. మగోళ్ళు ఈలలేస్తారు. ఆడోళ్ళ వైపు నుంచి ఏమీ వినపడదు. కదిలిపోయింటారు పాపం.

ఇది ఎవరి కథా కాదు. కల్పన.

27 ఫిబ్రవరి

నేను ఉండే గది పాపక్కది. ఈ పొద్దు వాకిట్లో చెనిక్కాయలు ఒలుస్తా అడిగింది.

"నీ పెండ్లాం యాడుండాది నాయనా?"

"పుట్టింట్లో."

"కాన్పుకా?"

"కాదక్కా. బాల్వాడీ టీచరు పనికి అప్లికేషన్ పెట్టింది. ఆఫీసరమ్మ ఇంటికొచ్చి ప్రశ్నలడిగింది. నేను జవాబులు చెప్పినాను. దానికి అలిగింది."

"ఎవుర్ని అడిగింది ఆయమ్మ?"

"చెంగమ్మని."

పాపక్క చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నన్నే చూసింది. మళ్ళా ఒలుచుకుంటా కూర్చునింది.

దీంట్లో తప్పేముంది? చెంగమ్మ పదో తరగతి, నేను బీఏ. ప్రశ్నలకు జవాబులు చెప్పడం నా వృత్తి. మా ఇంట్లో ఆడోళ్ళు పని చేసే అవసరం లేదని ఆఫీసరమ్మకు మర్యాదగానే చెప్పి పంపినాను. కాఫీ కూడా ఇప్పించినాను.

6 మార్చి

అనుకోంది జరిగింది. ఇంటర్వెల్ అయినాక మీసాలాయన తుపాకి పట్టుకోని రాంగానే నేను మైకులో, "ఇడుగో వచ్చినాడు బండరాయి బావ! పుట్టింటికొచ్చిన చెల్లెలికి నాలుగు మంచి మాటలు చెప్పి మొగుని దగ్గరికి పంపకుండా ఇంట్లో పెట్టుకున్న పెద్దమనిషి!" అన్నాను.

కుర్చీ క్లాసులో ఒకాయన లేచి నిలబడినాడు. ప్రొజెక్టరు వెలుగులో ఆయన నీడ తెర మీద పడింది, ఉప్పప్ప కంటే పెద్దగా.

"మునికృష్ణా! తుపాకి ఎత్తుకున్నోణ్ణి నేనేనా?" అని నన్ను పేరు పెట్టి అరిచినాడు.

చెంగమ్మ అన్న కృష్ణప్ప. కుప్పంలో గ్రానైట్ క్వారీ ఆయనది. ఏదో పని మీద పుంగనూరు వచ్చి, టైము పోక ఈడ కూర్చున్నాడంట. నా కర్మ.

"ఇది ఇంగ్లీషు సినిమా బావా" అన్నాను మైకులోనే.

"ఇంగ్లాండులో చెంగమ్మ అని ఎవురుండారు రా?"

నేను ఆ పేరు ఎప్పుడన్నానో నాకు తెలీదు. కదిరప్పను అడిగితే, "నాలుగు దినాలుగా అంటాండారు సార్. దొరసాని పేరే అదేమో అనుకున్నా" అన్నాడు.

కృష్ణప్ప నా మీదికి వచ్చినాడు. నేను రీళ్ళ పెట్టె వెనక్కి పోయినాను. భయపడి కాదు, రీళ్ళు పాడైపోతాయని. చివరికి కుప్పుస్వామి ఆయనకు సోడా తాగించి కూర్చోబెట్టినాడు. కూర్చోని మొత్తం చూసినాడు. పోయేటప్పుడు నా దగ్గరికొచ్చి, "గొడుగు బాగుండాది. నువ్వు మాత్రం కుప్పం పొలిమేరలో కనపడితే కాళ్ళిరగ్గొడతా" అని చెప్పి పోయినాడు.

7 మార్చి

కుప్పం పోయే అవసరం నాకేముంది?

18 మార్చి

పుంగనూరులో చూడనోడు మిగల్లేదు. డేరా పీకుతాండారు. యాడికి అని కుప్పుస్వామిని అడిగితే, "కుప్పం. ఆడ మూడు భాషలోళ్ళు ఉండారు, మూడింతలు జనం" అన్నాడు.

నేను రానని ఖచ్చితంగా చెప్పేసినాను. పలమనేరులో బస్సు మారేటప్పుడు కూడా అదే మాట మళ్ళా చెప్పినాను.

23 మార్చి, కుప్పం

మొదటి ఆట బాగానే పోయింది. నేల క్లాసులో సగం మంది, "తమిళ్‌ల సొల్లు సామీ" అని అరిచినారు. నాకు తెలిసిన తమిళమంతా వాడేసినాను, అంటే ఉప్పప్ప పదే పదే "వణక్కం" అన్నాడు.

ఆమె వచ్చిందేమో అని నేను చూడలా. ఆడోళ్ళ వైపు ముందు వరుసలో లేదు. స్తంభం పక్కన కూడా లేదు. గేటు దగ్గర కూర్చున్నోళ్ళలో లేదు.

25 మార్చి

వరసగా రాస్తా.

ఆఖరి రీలు. దొరసాని తలుపుకు ఆనుకోని మొదలుపెట్టింది. నేనూ మొదలుపెట్టినాను. "స్వామీ! తప్పు నాదే. నీ మాట వినకుండా గడప దాటినాను..."

"ఆయమ్మ అట్ల అనలా!"

ఆడోళ్ళ వైపు నుంచి. ఆ గొంతు నాకు తెలీకపోయేదానికి లేదు.

డేరాలో అందరూ తలలు తిప్పినారు. నేను ధైర్యంగా, "ఎవరమ్మా అది?" అన్నాను.

"ఎవురైతే ఏమి? ఆయమ్మ మొగం సూడు. తప్పు నాదే అనే మొగమా అది? ఆయమ్మకు కోపం వచ్చిండాది."

"అవునమ్మా, కోపంగానే ఉండాది" అని ఇంకో ఆడమనిషి. "నేను మొన్నట్నుంచి అనుకుంటాండా" అని ఇంకొకామె.

"ఇంగ్లీషు తెలిసినోళ్ళు మాట్లాడండి" అన్నాను, బీఏ హోదాలో.

"నీకు తెలుసునా?"

డేరా పగిలిపోయేట్టు నవ్వినారు. చేతిలో మైకుందని మర్చిపోయి, "చెంగమ్మా, ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నాను. డేరా మీద రెండు మైకు హారన్లు కట్టుండాయి. రైలు స్టేషను దాకా వినపడిందంట.

26 మార్చి

పొద్దున్నే బావ ఇంటికి పోయినాను. కాళ్ళు విరిగినా పర్లేదని. కృష్ణప్ప అరుగు మీద పేపరు చదువుతాండాడు. నన్ను చూసి పేపరు ఇంకా పైకెత్తినాడు, అంతే. ముందు గదిలో చెంగమ్మ కుట్టుమిషను పెట్టుకోనుండాది. పక్కన వీధిలోవాళ్ళ జాకెట్లు కుప్ప.

"మూడు దినాలుగా వస్తాండా సినిమాకి" అనింది, తల ఎత్తకుండా.

"నాకు కనపళ్ళేదే."

"నువ్వు మాట్లాడతాంటే నీకు ఎవురు కనపడతారు?"

నాలిక చివర జవాబు ఉండింది. మింగినాను. మిషను తొక్కుతానే ఉండాది. ఏమడగాలో తెలీక, "ఏముందని అన్నిసార్లు చూసినావు?" అన్నాను.

తొక్కేది ఆపింది.

"వాడు తలుపు ముందర నిలబడతాడు సూడు, వాన్లో. ఒళ్ళు కరిగిపోతాంటాది. అయినా ఆయమ్మ చెప్పేదంతా అయ్యే దాకా కదలడు, నోరు తెరవడు. ముందు పార్టులో అరిచి ఊరంతా పాడు చేసింటాడు, ఏమి లాభం? చచ్చి లేచినాక నిలబడుకోని వినేది నేర్చుకున్నాడు. ఆ ఒక్క ముక్క కోసం నేను పోతాండా. నువ్వు ఆ మూగోని నోట్లో గూడా దూరి వాగించినావు."

వాగించినావు అనింది. బీఏ చదివిన మొగుణ్ణి.

"ఆఫీసరమ్మ విషయంలో నేను నీ మంచికే..." అన్నాను.

మళ్ళా మిషను తొక్కింది. గట్టిగా. నా మాట నాకే వినపళ్ళేదు. అరుగు మీద పేపరు వెనకాల కృష్ణప్ప దగ్గినాడు, అది దగ్గు కాదు, నవ్వు.

27 మార్చి

ఉగాది రేపు. గదిలో పడుకోనుండా. జ్వరమేమో అనుకున్నా, జ్వరం లేదు.

29 మార్చి

ఈ పొద్దు డేరా బయట గూడా జనం. మొగుడూ పెండ్లాల కొట్లాట చూసేదానికి వచ్చినారని తెలుస్తానే ఉండాది, ఉప్పప్ప కోసం కాదు. కుప్పుస్వామి మొగం వెలిగిపోతాండాది.

ఆఖరి రీలు వచ్చింది. దొరసాని తలుపుకు ఆనుకునింది. నేను మైకు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాను.

ఒక నిమిషం ఎవురికీ అర్థం కాలా. "రేయ్ మైకూ, నిద్రపోయినావా?" అని ఒకడు. "కరెంటు పోయిందా?" అని ఒకడు. కుప్పుస్వామి పరిగెత్తుకోనొచ్చి నా కాలు తొక్కినాడు. ఎవడో చెనిక్కాయ పొట్టు ఇసిరినాడు, తల మీద పడింది. నోరు మూసుకోనుండడం ఇంత కష్టమని నాకు తెలీదు. లోపల మాటలు ఎగేసుకోని వస్తాండాయి, వాంతి మాదిరి.

కుర్చీ క్లాసులో నుంచి కృష్ణప్ప లేస్తే ఇంక అయిపోయినట్టే అనుకున్నా. లేచింది ఆయన కాదు. ఆడోళ్ళ వైపు తడిక పక్క నుంచి చెంగమ్మ వచ్చింది. నన్ను చూడలా. మైకు తీసుకోని, ఒకసారి ఊదింది.

"నాకు ఇంగ్లీషు రాదు" అనింది. "ఈయనకూ రాదు."

నవ్వులు. కదిరప్ప రీలు వెనక్కి చుట్టి దొరసాని మాట్లాడే చోటు నుంచి మళ్ళా ఏసినాడు. చెప్పకుండానే.

"ఉప్పప్పా" అని మొదలుపెట్టింది. గొంతు ముందు సన్నంగా వచ్చింది. "నీ మీద నాకు పగ లేదు. కోపముండాది. ఆరేండ్లు నువ్వు మాట్లాడినావు, నేను విన్నాను. ఆ పొద్దు ఒకాయమ్మ మన ఇంటికి వచ్చింది. నీకు పిల్లోళ్ళంటే ఇష్టమేనా అమ్మా అని అడిగింది. నన్ను అడిగింది. పుట్టినప్పట్నుంచి ఎవురూ నన్ను ఏదీ నీకు ఇష్టమేనా అని అడగలా. మా నాయన అడగలా, మా అన్న అడగలా, నువ్వూ అడగలా. అదే మొదటిసారి. నాకు జవాబు తెలుసు. నోటి దాకా వచ్చింది. అది నువ్వు చెప్పేసినావు."

ఉప్పప్ప సినిమాలోకి పిల్లోళ్ళు ఎట్లా వచ్చినారని ఒక్కడూ అడగలా. దొరసాని పెదాలు ఆడతానే ఉండాయి, చెంగమ్మ మాటలు ఆగిపోయినాయి. మైకు కింద పెట్టేసింది. తక్కిన సినిమా వాన సప్పుడుతోనే ఆడింది. ఉప్పప్ప కరుగుతా నిలబడినాడు, తిరిగినాడు, పోయినాడు. ఆడోళ్ళ వైపు ఎవురో ముక్కు చీదినారు. కుర్చీ క్లాసులో కృష్ణప్ప తల కిందికి వంచుకోనుండాడు.

నేను ఏడవలా. కార్బన్ పొగ కంట్లో పడింది.

30 మార్చి

పడింది పొగ కాదు.

4 ఏప్రిల్

కుప్పుస్వామి చెంగమ్మను బతిమాలి ఒప్పించినాడు. ఆడోళ్ళ మాటలన్నీ ఆమె, మగోళ్ళవి నేను. రిహార్సల్ చేసుకుందామంటే, "యాల? నీకేమన్నా ఇంగ్లీషు వచ్చునా?" అనింది. ఉప్పప్పకు ఒక్క మాట గూడా పెట్టకూడదని షరతు. అంటే నాకు మిగిలింది మీసాలాయన, ఇద్దరు తుపాకులోళ్ళు, ఒక గుర్రబ్బండోడు. గుర్రబ్బండోనికి ప్రాణం పెట్టి చెప్తాండా.

దొరసాని రోజుకొక మాట చెప్తాది. ఒక పొద్దు తిట్టింది. ఒక పొద్దు, "తిన్నావా?" అని మాత్రం అడిగి ఊరుకునింది. ఆ పొద్దు డేరా అంతా ఏడ్చింది. పక్కన నిలబడి నేను ఆ రోజు ఏమంటుందో అని కాచుకోనుంటా. ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉండి ఆమె ఇట్లా మాట్లాడుతాదని నాకు తెలీలా.

16 ఏప్రిల్

రీళ్ళ పెట్టె బెంగళూరు రైలెక్కించినాము. కదిరప్ప దండం పెట్టినాడు, శవాన్ని సాగనంపినట్టు. మూడో పార్టు ఆర్డరు ఇచ్చేసినానని కుప్పుస్వామి అందరికీ చెప్పుకుంటాండాడు. మూడో పార్టు ఉండాదో లేదో కనుక్కోలేదంట.

"మదనపల్లె ఎప్పుడు పోదాం?" అని అడిగినాను చెంగమ్మను.

"నేను రాను. ఈడ మిషనుంది, నాకు గిరాకులుండారు. బాల్వాడీకి మళ్ళా అప్లికేషన్ పెట్టినా, ఈ తూరి కుప్పం నుంచే."

ఇదివరకైతే దీనికి ఒక గంట ఉపన్యాసం ఉండేది. ఊరికే నిలబడినాను. ఆమె దారం కొరికింది, జాకెట్టు మడత పెట్టింది, ఇంకొకటి తీసింది.

"ఎనక గది కాళీగా ఉండాది" అనింది. "అన్నకు నేను చెప్తా. కావాలంటే ఉండు."

22 ఏప్రిల్

ఎనక గది. పైన రేకులు, మధ్యాన్నం పెనం మాదిరి కాలుతాది. పొద్దున నలుగురు పిల్లోళ్ళు ఇంగ్లీషు ట్యూషనుకు వచ్చినారు. ఒకడు, "సార్, ఉప్పప్పకు ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడిగినాడు. తెలీదన్నాను. వానికి నా మీద నమ్మకం పోయినట్టుంది. బావ నాతో ఇంకా మాట్లాడడు గాని, అన్నం దగ్గర చారు గిన్నె నా పక్కకు తోస్తాండాడు.

9 మే

చెంగమ్మను బాల్వాడీ ఇంటర్వ్యూకు చిత్తూరు పిలిచినారు. ఒక్కతే పోయింది. తోడొస్తానని నేను అనలా. బస్సు పోయినాక అరుగు మీద కూర్చున్నాను, మళ్ళా లోపలికి పోయినాను, మళ్ళా అరుగు మీదికి వచ్చినాను. కృష్ణప్ప గూడా అదే చేస్తాండాడు. ఇద్దరం ఎదురుపడినప్పుడల్లా ఎండ గురించి మాట్లాడుకున్నాము.

పొద్దు వాలేటప్పటికి వచ్చింది. చెప్పులిడిచింది, చెంబెడు నీళ్ళు తాగింది. "ఏమైంది? వచ్చిందా?" అని నోటిదాకా వచ్చింది నాకు. పండ్లు బిగబట్టినాను.

మొదటి నుంచీ చెప్పుకొస్తాండాది. బస్సులో సీటు దొరకలేదంట. పలమనేరులో ఒక ముసలామె ఒళ్ళో కోడి పెట్టుకోని ఎక్కిందంట, ఆ కోడి దారి పొడుగునా ఈమె కొంగు పొడిచిందంట. చిత్తూరులో దారి అడిగితే ఒకడు ఇటంటే ఇంకొకడు అటన్నాడంట. ఆఫీసు గేటు కాడ వాచ్‌మెన్, "మీ ఆయన రాలేదా?" అన్నాడంట. దానికి ఈమె ఏమి చెప్పిందో చెప్పబోయి, గొంతెండిపోయిందని కాఫీ పెట్టుకునేదానికి లేచింది. ఆ సందులో ఇది రాస్తాండా.

ఉద్యోగం వచ్చిందో లేదో నాకు ఇంకా తెలీదు. కథ ఇంకా గేటు దాటలా.

గ్లాసుల సప్పుడు అవుతాండాది. వస్తాండాది.